మల్లన్న బొంత

మా అపార్ట్‌మెంట్ మొత్తంలో నా అంతటి కుళ్ళుబోతు ఇంకొకరు లేరని మా ఆయన అంటూ ఉంటారు. నేను కాదనను. పై అంతస్తులో కామాక్షి గారి కరివేపాకు మొక్క నా మొక్కకన్నా ఏపుగా పెరిగితే ఆ పూట నాకు అన్నం సహించదు. మా ఆడపడుచు వాళ్ళ కుక్కకి నేను ఎన్ని బిస్కెట్లు పెట్టినా, మా ఆయన గొంతు వినపడగానే నన్ను దాటుకుని పోయి ఆయన కాళ్ళ మీద పడుతుంది. అప్పటినుంచే నాకొక కుక్క కావాలని పట్టుదల. అందరినీ చూసి కాదు, నన్నొక్కదాన్నే చూసి తోక ఊపే కుక్క కావాలి.

"పిల్లకుక్కని తెచ్చుకుందాం ఇందూ, ముద్దుగా ఉంటుంది," అన్నారు మా ఆయన జయకృష్ణ.

పిల్లకుక్కలు ఎవరు ఎత్తుకుంటే వాళ్ళవే. నేను బాగా ఆలోచించాను. ఎవరికీ అక్కర్లేదని వదిలేసిన ముసలికుక్కని తెచ్చుకుంటే, తిండి పెట్టినవాళ్ళే దానికి లోకం. పైకి అందరితో "పాపం, ముసలి ప్రాణి" అన్నాను గానీ లోపల నా ఎత్తు అదీ.

శామీర్‌పేట వెళ్ళే దారిలో ఒక కుక్కల ఆశ్రమం ఉంది. అక్కడ పనిచేసే కల్పలత అనే అమ్మాయి మమ్మల్ని చివరి గది దాకా తీసుకెళ్ళింది. గోధుమరంగు కుక్క ఒకటి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మూతి చుట్టూ తెల్లబడిపోయింది. ఒక కంట్లో పాలచుక్క వేసినట్టు పొర.

"వీని పేరు మల్లన్న, మేడం. కార్ఖానా బస్తీల దేవమ్మ అని ఒక పెద్దమ్మ ఉండె. జాకెట్లు కుడుతుండె, బొంతలు కుడుతుండె. మిషన్ కింద ఆమె కాళ్ళ కాడనే పండుకుంటుండె వీడు. ఆమె సచ్చిపోయినాంక వాళ్ళ మరిది కొడుకు విజయేందర్ తెచ్చి ఈడ ఇడిసిపెట్టిండు. ముసలి కుక్కల్ని ఎవ్వరు తీస్కపోరు మేడం. మీరు మంచిగ అడిగిండ్రు."

"ఆవిడకి బాగా అలవాటా?" అన్నాను.

"అలవాటు గాదు మేడం, పానం. కడుపుల పుట్టినోని లెక్క సాదింది. పొద్దుగూకి దీపం పెట్టినంక మొదటి ముద్ద వీనికే. గా యాల్లకు వీడు ఇప్పటికి సుత తలుపు కాడ నిలబడతడు."

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఆ దేవమ్మ ఎవరో, ఎలా ఉండేదో నాకు తెలియదు. అయినా అప్పుడే ఆవిడంటే ఒళ్ళు మండింది.

బయల్దేరుతుంటే కల్పలత ఒక మూట తెచ్చి కారులో పెట్టింది. నీలం గళ్ళ నేతచీర. అరిగి అరిగి మెత్తబడి ఉంది. "ఇది పెద్దమ్మది. ఉతకకుండ్రి మేడం. ఆమె వాసన పోతే వీడు పరేషాన్ అయితడు," అంది.

మల్లన్న కారెక్కి, నా ఒడి పక్కన ఖాళీగా ఉన్నా, పోయి ఆ మూట మీద తల పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని పేరు మార్చడం. ఆవిడ పెట్టిన పేరుతో నేనెందుకు పిలవాలి? బాదం అని పెట్టాను. బాదంపప్పు రంగే కదా. "బాదం, బాదం" అని రోజంతా పిలిచాను. పలకలేదు. చెవుడేమో అనుకున్నారు మా ఆయన. కాదు. వంటింట్లో కవరు చప్పుడైతే వచ్చేవాడు.

సేవ చెయ్యడంలో మాత్రం నేనేం తక్కువ చెయ్యలేదు. నున్నటి టైల్స్ మీద కాళ్ళు జారుతున్నాయని ఇల్లంతా రబ్బరు పట్టాలు పరిచాను. కీళ్ళనొప్పుల మాత్ర ఇడ్లీలో దాచి పెట్టాను. పొద్దున్నే లేవలేకపోతే పొట్ట కింద తువ్వాలు వేసి రెండు చేతులతో లేపి బయటికి నడిపించాను. ఉప్పు మూట వేడి చేసి నడుముకి కాపడం పెట్టాను. నా నడుముకి ఎవరూ పెట్టరు.

అన్నీ చేయించుకునేవాడు. కరవడు, విసుక్కోడు. అద్దెకున్నవాడు ఇంటి యజమానితో ఎంత మర్యాదగా ఉంటాడో అంత మర్యాదగా ఉండేవాడు. తోక మాత్రం ఊపేవాడు కాదు.

మా హాల్లో ఒక మూల మా అత్తగారు వీరరాఘవమ్మ గారి కాలిమిషన్ ఉంది. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బెల్టు ఎప్పుడో తెగిపోయింది. పైన గుడ్డ పరిచి పూలకుండీ పెట్టాను. "సూదిలో దారం ఎక్కించడం రాని కోడలు దొరికింది నాకు," అని ఆవిడ బతికినంతకాలం నలుగురి ముందూ నవ్వేది. నిజమే, నాకు రాదు. నేర్చుకోను అని పంతం కూడా.

నేను కొన్న మెత్తటి పరుపు వదిలేసి మల్లన్న ఆ మిషన్ కిందకి దూరాడు. నోటితో ఆ గళ్ళచీర ఈడ్చుకొచ్చి పెడల్ పక్కన పరుచుకున్నాడు. పెడల్ మీద గడ్డం ఆనించి నిట్టూర్చాడు. అలాంటి నిట్టూర్పు నా దగ్గర ఒక్కసారి కూడా విడవలేదు.

సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం పెట్టగానే లేచేవాడు. కాళ్ళీడ్చుకుంటూ వెనక వాష్ ఏరియా తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. తల పైకెత్తి, ఒక మనిషి ముఖం ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తుకి చూసేవాడు. తోక ఊపేవాడు. ముందు నెమ్మదిగా, తరవాత నడుమంతా ఊగేలా. చెవులు వెనక్కి వాల్చి, ఎవరో నిమురుతున్నట్టు తల కొద్దిగా కిందికి వంచేవాడు.

ఆ తలుపు అవతల బకెట్లు, చీపురు, ఆరేసిన బట్టలు తప్ప ఏమీ లేవు. నేను రోజూ వెళ్ళి చూసేదాన్ని.

"ముసలితనం. చూపు ఆనదు కదా, ఏదో ఊహించుకుంటాడు," అన్నారు మా ఆయన.

ఊహించుకుంటున్నది ఎవరినో నాకు తెలుసు. నన్ను మాత్రం ఎప్పుడూ ఊహించుకోడు. ఎదురుగా ఉన్నా చూడడు. చచ్చిన మనిషితో పోటీ పడి గెలిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆవిడ ముద్ద మాడ్చదు, మాత్రలు మింగించదు, స్నానం చేయించదు. ఏ పనీ చెయ్యకుండా ప్రేమంతా ఆవిడే పట్టుకుపోతోంది.

ఒకరోజు మధ్యాహ్నం వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లూ..." అని కేక వినపడింది. నెత్తిన గంప పెట్టుకుని ఒకావిడ పోతోంది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు. ఆ కేక విన్నాక ఆగలేకపోయాను.

మల్లన్న వెనక ఎండలో పడుకుని ఉన్నాడు. మిషన్ కింద నుంచి చీర లాగాను. దానికి రెండు పాత ప్యాంట్లు జత చేసి ఆవిడ ముందు పడేశాను. ఆవిడ చీర విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వంక చూసింది.

"ఇది ఎవలదమ్మా?"

"పాతది. తీసుకుంటావా లేదా?"

ఆవిడ దాన్ని గంపలో వేసుకుని అంచున్న స్టీలు పళ్ళెం ఒకటి ఇచ్చింది. బాదంకి అన్నం పెట్టడానికి బాగుంటుందని సంతోషపడ్డాను. మిషన్ కింద నా ఆకుపచ్చ వాయిల్ చీర మడత పెట్టి పరిచాను. ఉతకలేదు. కావాలనే ఒంటి మీద కట్టుకుని విప్పిన చీర వేశాను. ఇకనుంచి నా వాసనే పీలుస్తాడు అనుకున్నాను.

మల్లన్న వచ్చి, వాసన చూసి, మిషన్ చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. అరవలేదు, మూలగలేదు. నా ముఖంలోకి చూశాడు. ఇంటికి వచ్చాక వాడు నన్ను అంతసేపు చూడటం అదే మొదలు. ఆ చూపు నాకు కావలసిన చూపు కాదు.

ఆ పూట నుంచి తిండి మానేశాడు. కొత్త పళ్ళెంలో పెరుగన్నం అలాగే ఎండిపోయింది. డాక్టర్ వచ్చి చూసి జబ్బేమీ లేదన్నాడు, వయసు అన్నాడు. సూది మందు చేసి, ఏదో ఒకటి తినిపించకపోతే కష్టమేనన్నాడు. స్టీలు సామాన్ల ఆవిడ కోసం బన్సీలాల్‌పేట్ దాకా ఆటోలో తిరిగాను. ఎవరిని అడిగినా చేతులు తిప్పారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా ఆయన అన్నారు. అనేసి, ముందే టికెట్ తీసుకున్నారు కాబట్టి, రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళిపోయారు. వాడిని వదిలి నేను వెళ్ళలేదు.

మర్నాడు పగలే చీకటి పడింది. మబ్బు దిగి మా మారేడ్‌పల్లి చెట్లన్నీ నల్లగా కనిపించాయి. వాన మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. సన్‌షేడ్ మీద నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప అపార్ట్‌మెంట్‌లో మనుషుల అలికిడి లేదు. తడిసిన మట్టి వాసన, ఆరని బట్టల ముక్కిన వాసన. మల్లన్న మిషన్ కింద, నా చీర మీద కాకుండా దాని పక్కన వట్టి నేల మీద పడుకున్నాడు. పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

వీడు చచ్చిపోతే నేనే చంపినట్టు. అది భయం. వీడు చచ్చిపోతే తిన్నగా ఆవిడ దగ్గరికే పోతాడు. అది కుళ్ళు. ఏది ఎక్కువో అప్పుడు చెప్పలేను, ఇప్పుడూ చెప్పలేను.

దిష్టి తీద్దామనిపించింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది. మరి చచ్చినవాళ్ళ కన్ను తగిలితే ఈ ముసలిప్రాణం ఎంత? గుప్పిట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు తీసుకున్నాను. దేవుడి దగ్గర దీపం వెలిగించి, పాత మూకుట్లో నాలుగు బొగ్గులు రాజేశాను. మల్లన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుప్పిట చుట్టూ తిప్పాను.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి... దారినపోయేవాళ్ళ దిష్టి... దేవమ్మ దిష్టి..."

మా అమ్మ మాకు తీసేటప్పుడు చివర "నా దిష్టి" అని తప్పకుండా అనేది. అందరికన్నా ముందు తల్లికన్నే తగులుతుందనేది. ఆ మాట దగ్గర నేను ఆగాను. నాదేం దిష్టి? నాది ప్రేమ. ఆ మాట వదిలేసి, ఇంకొకసారి గట్టిగా "దేవమ్మ దిష్టి" అని గుప్పిట బొగ్గుల మీద వేశాను.

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడ్డాయి, పొగ లేచింది. ముక్కు మూసుకుని దగ్గుకి సిద్ధపడ్డాను.

దగ్గు రాలేదు.

వంగి చూశాను. మిరపకాయలు మాడి బొగ్గవుతున్నాయి. ఘాటు లేదు. దిష్టి బలంగా ఉంటే ఘాటు రాదంటారు, విన్నాను. కానీ అసలు వాసనే లేదు... వాన వాసన లేదు, మట్టి వాసన లేదు. ఇల్లంతా కడిగేసినట్టు ఉంది.

తరవాత ఒక వాసన వచ్చింది. మిషన్ నూనె. దానితో పాటు తమలపాకు, లవంగం.

తప్... తప్... తప్...

మల్లన్న తోక నేలకి కొట్టుకుంటోంది. లేవలేని కుక్క లేచి కూర్చున్నాడు. తలుపు వైపు చూడటం లేదు. ఇవాళ తలుపు దాకా పోవలసిన అవసరం లేనట్టు, మిషన్ ముందున్న స్టూలు వైపు చూస్తున్నాడు. ఆ ఎత్తుకి. కూర్చున్న మనిషి ముఖం ఎత్తుకి.

పెడల్ కదిలింది.

కిందికి... పైకి... కిందికి...

బెల్టు లేదు. అయినా పైన చక్రం తిరుగుతోంది. పూలకుండీ సన్నగా వణుకుతోంది. దీపం వెలుతురులో ఆ చక్రం మెరుపు కనిపిస్తోంది, ఆరిపోతోంది, కనిపిస్తోంది.

"ఎవరు..." అన్నాను.

పెడల్ ఆగింది. మల్లన్న చెవులు వెనక్కి వాలాయి. తల వంచాడు. వాడి నుదుటి మీద వెంట్రుకలు అణిగాయి... లేచాయి... మళ్ళీ అణిగాయి. ఎవరో నిదానంగా నిమురుతున్నారు.

పారిపోవలసింది. తలుపు తీసి పైకి పరుగెత్తి కామాక్షి గారి తలుపు బాదవలసింది. నేను మాత్రం వాడి ముఖం చూశాను. చూపున్న ఆ ఒక్క కన్ను అరమూతలు పడి, నోరు కొంచెం తెరుచుకుని, ఎంత సుఖంగా ఉన్నాడో. ఇన్నాళ్ళు తువ్వాలు వేసి మోసింది నేను. ఇడ్లీలు పెట్టింది నేను. నడుము విరిగేలా కాపడాలు పెట్టింది నేను.

"వాడు నా కుక్క," అన్నాను.

మిషన్ దగ్గర నుంచి, నిద్రలో మాట్లాడినట్టు చాలా చిన్న గొంతు వచ్చింది.

"నీ కుక్కనే బిడ్డ..."

నా వీపు మీద చెమట చల్లబడింది.

"నాకు చేతులు లెవ్వు... జెర నీ చేతులియ్యి..."

నేను చెయ్యి చాపాను. ఇవ్వడానికి కాదు. వాడి మెడపట్టీ పట్టుకుని ఇవతలికి లాగుదామని. చీకట్లో చెయ్యి వాడి తల మీద పడింది. తల మీద కాదు... తలకీ నా అరచేతికీ మధ్య ఇంకేదో ఉంది. చల్లగా. పలచగా. వేలి కొసలు గరుకుగా, సూది పోట్లు పడి పడి కాయ కాసినట్టు.

చెయ్యి తీసేస్తే బతికిపోతాను. తెలుసు.

కానీ తీసేస్తే, వాడి తల మీద మిగిలేది ఆవిడ చెయ్యి.

తియ్యలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఆ చల్లదనం కిందికి పోలేదు, పక్కకి పోలేదు. నా అరచేతిలోకి ఎక్కింది... మణికట్టు దాకా... మోచెయ్యి దాకా... మల్లన్న నాలుక బయటపెట్టి నా వేళ్ళు నాకాడు.

దీపం కొండెక్కింది.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారి ఉంది. వాన వెలిసింది. నేను మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. పూలకుండీ కింద పెట్టి ఉంది, పరిచిన గుడ్డ మడత పెట్టి ఉంది. మిషన్ కింద మల్లన్న ఒక బొంత మీద పడుకుని గురక పెడుతున్నాడు.

బొంత పైపొర నీలం గళ్ళ నేతచీర. కిందిపొర నా ఆకుపచ్చ వాయిల్. రెండూ కలిపి, వరసలు తప్పకుండా, చీమలు బారు కట్టినట్టు సన్నటి కుట్టు. నాలుగు మూలలా నాలుగు ముక్కోణాలు.

స్టీలు పళ్ళెం మాత్రం ఇల్లంతా వెతికినా కనపడలేదు.

నా వేళ్ళు చూసుకున్నాను. కొసల నిండా సూది పోట్లు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిషన్ నూనె. కడుక్కుందామని లేవబోతే మల్లన్న లేచి వచ్చాడు. కుంటుకుంటూ వచ్చి నా అరచేతి కింద తల దూర్చాడు. నిట్టూర్చాడు. తోక ఊపాడు, నడుమంతా ఊగేలా.

కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా. భయం పోయిందని చెప్పను గానీ, ఆ క్షణంలో నాకు భయంతో పని లేదు. అరచేతిలో ముద్ద పెడితే తిన్నాడు. ఇంకో ముద్ద పెడితే అదీ తిన్నాడు.

మా ఆయన ఊరి నుంచి వచ్చి బొంత చూసి నోరు వెళ్ళబెట్టారు. "నువ్వు కుట్టావా ఇందూ? అమ్మ బతికుంటే ఎంత సంతోషించేదో," అన్నారు. ఏమని చెప్పను?

కుక్క బాగోగులు అడగడానికి కల్పలత వీడియో కాల్ చేసింది. మల్లన్నని చూసి సంబరపడింది. బొంత కనిపించాక ముఖం ఫోన్‌కి దగ్గరగా తెచ్చింది.

"మేడం... గా మూలకు ముక్కోణం గట్ల దేవమ్మనే పెడుతుండె. మీకెవలు నేర్పిండ్రు?"

"చూసి నేర్చుకున్నాను," అన్నాను.

"ఎవల్ని చూసి మేడం?"

సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను.

వారం పది రోజులు నాకు స్వర్గం. తరవాత కనిపెట్టాను. మల్లన్న నా దగ్గరికి వస్తున్నది నా చేతుల కోసం. ఆ నూనె వాసన తగ్గినకొద్దీ వాడూ తగ్గుతున్నాడు. ఒక సాయంత్రం పరీక్షగా చూద్దామని సబ్బుతో, చింతపండుతో, నిమ్మచెక్కతో తోమి తోమి కడుక్కుని వెళ్ళి చేతులు వాడి ముందు పెట్టాను. వాసన చూశాడు. మర్యాదగా తల తిప్పుకున్నాడు. దీపం వేళ అయిందేమో, వెనక తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తల ఎత్తాడు. తోక మొదలైంది.

నా చేతుల మీద నాకే కుళ్ళు పుట్టిన రోజు అది.

చాలాసేపు నిలబడి చూశాను. వాడికి ఇక మిగిలింది కొన్ని నెలలే కావచ్చు. ఆ కొన్ని నెలలూ వాడు ఆ తలుపుకి తోక ఊపుతూ, నా మాత్రలు మింగుతూ గడిపేస్తాడు. ఆవిడ వాడిని తీసుకుపోతానని అనలేదు. చేతులే కదా అడిగింది. వెళ్ళి తలుపు గడియ తీశాను.

"లోపలికే రండి," అన్నాను.

అప్పటినుంచి రోజూ దీపం పెట్టాక నేనే గడియ తీస్తున్నాను. మల్లన్న తోక ఊపుకుంటూ నా వెంటే వస్తాడు. స్టూలు మీద కూర్చుంటాను. మోచేతుల దాకా చల్లబడుతుంది. తరవాత కొంచెంసేపు ఏం జరిగిందో నాకు తెలియదు. తెలివి వచ్చేసరికి వాడి తల నా ఒడిలో ఉంటుంది. మొదట్లో దేవుడి దగ్గర అగరొత్తి కాలేలోపే వచ్చేసేదాన్ని. ఈమధ్య ఆలస్యమవుతోంది. నిన్న తెలివి వచ్చేసరికి గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి, మా ఆయన చెయ్యి కడుక్కుని వక్కపొడి నములుతూ కూర్చున్నారు.

"ఇవాళ పచ్చిపులుసు అదిరింది ఇందూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నువ్వు ఇలా చెయ్యలేదు. పక్కన కూర్చుని, ఇంకో ముద్ద తిను, ఇంకో ముద్ద తిను అని కొసరి కొసరి పెట్టావు కూడా," అన్నారు. ముఖం వెలిగిపోతోంది. నా వంక అంత ఆపేక్షగా చూసి ఆయన ఎన్నేళ్ళయిందో.

నాకు పచ్చిపులుసు చెయ్యడం రాదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగామె మన ఇంట్లోకే వచ్చి, మన చేతులతోనే వండి పెడితే ఏమంటారో నాకు తెలియదు. ఆ రాత్రంతా ఆయన ముఖం గుర్తుకొచ్చి కడుపు రగిలిపోయింది.

పొద్దున్నే మల్లన్న బొంత ఎండలో వేద్దామని తీశాను. బరువుగా అనిపించి తిరగేశాను. పైన ఆవిడ గళ్ళచీర, కింద నా వాయిల్. రెండింటి మధ్య ఎప్పుడు కుట్టారో, కొత్తగా మూడో పొర ఉంది. అంచు దగ్గర కుట్టు విప్పి చూశాను.

రాజమండ్రి నుంచి వచ్చిన రోజు మా ఆయన విడిచిన లుంగీ. ఉతకకుండానే కుట్టేశారు.